తక్కువమంది ఉన్నవాళ్ళకు విజిలే దిక్కు

కబడ్డీ ఆడటం మన బడిలో అందరికీ వచ్చు. కబడ్డీ రూల్సు ఎంతమందికి వచ్చు? రూల్సు పుస్తకంలో ఆటగాళ్ళు చేయకూడని పనుల జాబితా ఒకటి ఉంది. రైడర్ నోరు మూయడం, గొంతు పట్టుకోవడం తప్పని ఆరో తరగతి పిల్లలు కూడా చెప్తారు. అదే జాబితాలో ఇంకో మూడు తప్పులున్నాయి. తీర్పు గురించి రిఫరీని, అంపైర్లను పదే పదే అడగడం ఒకటి. వాళ్ళను కించపరిచే మాట అనడం రెండోది. తీర్పు ఇమ్మని వేలు చూపించడం మూడోది. ఈ మూడోది చదివి వినిపిస్తే మా తరగతిలో సగంమంది నవ్వారు. "వేలు చూపిస్తే తప్పా? అట్లయితే మన గ్రౌండులో అందరూ తప్పే చేస్తున్నారు కదా!" అన్నారు. నేను చెప్పాలనుకున్నది సరిగ్గా అదే.

నేను పదో తరగతి చదువుతున్నాను. మా ఆటల సారు చెప్పగా రెండేళ్ళుగా ఆరు, ఏడు తరగతుల కబడ్డీ మ్యాచులకు విజిల్ ఊదుతున్నాను. ఆ అనుభవంతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. రిఫరీ తీర్పు మీద గుంపుగా పడి అరిచే అలవాటు మన బడి నుంచి పోవాలి. పోకపోతే అందరికన్నా ముందు నష్టపోయేది మన బడి పిల్లలే. ఇది మర్యాదకు సంబంధించిన చిన్న విషయమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఇది న్యాయానికి సంబంధించిన విషయం.

మనది భాషా అల్పసంఖ్యాకుల బడి. కన్నడం మాట్లాడే రాష్ట్రంలో తెలుగులో పాఠాలు చెప్పుకునే బడి నడుపుకోవడానికి రాజ్యాంగం 30వ అధికరణం హక్కు ఇచ్చింది. ఆ హక్కు తలలు లెక్కపెట్టి ఇచ్చింది కాదు. తలలు లెక్కపెడితే మనకు వచ్చేదే కాదు. ఎక్కువమంది ఉన్నవాళ్ళు గట్టిగా అరిచినా తక్కువమంది ఉన్నవాళ్ళ హక్కు పోకూడదని ఒక నియమం రాసిపెట్టారు. మనం ఆ నియమం నీడలో చదువుకుంటున్నాం.

ఇప్పుడు మైదానానికి రండి. తాలూకా పోటీలకు మన జట్టు పోతే మనవైపు ఎంతమంది ఉంటారు? పన్నెండుమంది పిల్లలు, ఒక సారు, ఆ రోజు సెలవు దొరికితే ఒకరిద్దరు నాన్నలు. అటువైపు ఆ బడి బడంతా ఉంటుంది. అరుపులకు తీర్పు మారేటట్టయితే అక్కడ ఎవరి అరుపు గెలుస్తుంది? మన గ్రౌండులో మనం అరిచి ఒక పాయింటు సంపాదిస్తే, వాళ్ళ గ్రౌండులో వాళ్ళు అరిచి పది పాయింట్లు సంపాదించుకోవడం న్యాయమేనని సంతకం పెట్టినట్టే. గుంపు బలం లేనివాళ్ళకు మైదానంలో ఉన్న ఒకే ఒక్క బలం రిఫరీ చేతిలోని విజిల్. దాన్ని మన చేతులతో మనమే విరగ్గొట్టుకుంటున్నాం.

అసలు రిఫరీ పని ఎంత కష్టమో అరిచేవాళ్ళు ఒక్కసారైనా ఆలోచించారా? ఒక రైడు ముప్పై సెకన్లు. ఆ ముప్పై సెకన్లలో ఎనిమిదిమంది శరీరాలు కదులుతుంటాయి. రైడర్ వేలు డిఫెండర్ చొక్కాకు తగిలిందా, పాదం బోనస్ గీత దాటిందా, పట్టు పడకముందే పాదం లాబీలో పడిందా, ఇవన్నీ కంటి రెప్పపాటులో చూడాలి. అందుకే రిఫరీ ఒక్కడే ఉండడు. రెండు పక్కలా ఇద్దరు అంపైర్లుంటారు. అంపైర్ల మాట కలవనప్పుడు రిఫరీ మాట చివరిది. మనం నిలబడిన చోటి నుంచి చూస్తే రైడర్ వీపు మాత్రమే కనిపిస్తుంది. వీపు చూసి వేలు తగిలిందో లేదో చెప్పే మహానుభావులు మన ఊళ్ళో చాలామంది ఉన్నారు.

అందరికీ మైదానంలో మర్యాదరామన్న కావాలి. మర్యాదరామన్న కథలు మనమూ చదివాం. ఆయనకు తగువు వినడానికి తీరిక ఉంది, సాక్షులను పిలిపించుకునే వీలుంది, రాత్రంతా ఆలోచించుకుని తెల్లవారి తీర్పు చెప్పే అవకాశం ఉంది. రిఫరీకి అర సెకను ఉంది. ఆ అర సెకనులో పొరపాటు జరిగే వీలుందని తెలిసే ఆట పెద్దలు రూల్సు రాశారు. పొరపాటే జరగని రిఫరీ కావాలంటే ఆట ఆపేసి ఇంటికి పోవాలి. ఇక ఓడిన ప్రతిసారీ రిఫరీనే తిట్టేవాళ్ళ గురించి మన పెద్దలు ఎప్పుడో చెప్పారు, ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు అని.

"అయితే తప్పు తీర్పు ఇచ్చినా నోరు మూసుకోవాలా? ప్రశ్నించడం మన హక్కు కాదా?" అని మా స్నేహితులు అడుగుతారు. ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు మన ఊరి చరిత్రలోనే ఉంది.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేటప్పుడు బళ్ళారి జిల్లాను విడదీశారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి తాలూకా మాత్రం తగువులో పడింది. ఇక్కడ తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు కలిసి ఉన్నారు. ఆ తగువు తీర్చే పని జస్టిస్ ఎల్.ఎస్. మిశ్రాకు అప్పగించారు. బళ్ళారి తాలూకా మైసూరు రాష్ట్రానికి పోవాలని ఆయన చెప్పారు. ఆ తీర్పు చాలామంది తెలుగువాళ్ళకు నచ్చలేదు. తర్వాత వచ్చిన రాష్ట్రాల పునర్విభజన సంఘం ముందు మళ్ళీ వాదన జరిగింది. 1955లో ఆ సంఘం బళ్ళారి ఆంధ్రలో కలవాలని సిఫారసు కూడా చేసింది. అయినా ఊరు కర్ణాటకలోనే ఉండిపోయింది. ఇప్పుడు మనం ఇక్కడే కన్నడం స్నేహితులతో కలిసి తిరుగుతున్నాం, ఇక్కడే తెలుగులో చదువుకుంటున్నాం. ఈ కథలో నాకు కనిపించేది ఇది: ఆ తీర్పును ప్రశ్నించడానికి ఒక దారి ఉంది. ఎవరు అడగాలి, ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి అనేది ఉంది. ఆ దారిలో గట్టిగా అడిగారు. దారి అయిపోయాక కలిసి బతికారు.

ప్రశ్నించడం హక్కే. ఆ హక్కుకు కూడా రూల్సు ఉన్నాయి. ఇరవైమంది ఒకేసారి రిఫరీ మొహం మీదికి వచ్చి అరవడం ప్రశ్న కాదు, బెదిరింపు. ప్రశ్న అయితే జవాబు వినడానికి ఒక్క క్షణమైనా ఆగుతారు. మన గ్రౌండులో జవాబు కోసం ఆగినవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు.

ప్రపంచంలో పెద్ద ఆటలన్నీ ఈ విషయాన్ని ఎట్లా పరిష్కరించుకున్నాయో చూడండి. క్రికెట్‌లో 2008 నుంచి తీర్పు సమీక్ష పద్ధతి వచ్చింది. అంపైర్ తీర్పు నచ్చకపోతే ఫీల్డింగ్ జట్టు తరఫున కెప్టెన్ ఒక్కరే అడగాలి. బ్యాటింగ్ జట్టు తరఫున అవుటైన బ్యాటరే అడగాలి. పదిహేను సెకన్లలోపు చేతులతో గుర్తు చూపించాలి. నోటితో ఒక్క మాట అనక్కరలేదు. అడగగలిగేది కూడా లెక్కపెట్టిన కొన్నిసార్లే. కుస్తీలో కోచ్ ఒక మెత్తటి దిమ్మను మ్యాట్ మీదికి విసిరి తీర్పును సవాలు చేయవచ్చు. వీడియో చూసి సవాలు తప్పని తేలితే ఎదుటివాళ్ళకు ఒక పాయింటు ఇస్తారు. అంటే అడిగే హక్కు ఉంది, ఊరికే అడిగితే దానికి వెల కూడా ఉంది. మన తోరణగల్లు దగ్గర విజయనగర్‌లో ఉన్న ఇన్‌స్పైర్ క్రీడా సంస్థలో కుస్తీ నేర్చుకునే అన్నలు, అక్కలు ఈ నియమంతోనే పోటీలకు తయారవుతారు. మన జిల్లాకు ఇది తెలియని విషయం కాదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన పద్ధతి రగ్బీది. రగ్బీ మన పిల్లలకు అంతగా తెలియదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని పట్టుకుని పరుగెత్తే ఆట అది. 2025లో మొదలైన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ అనే జట్టు, బెంగళూరు జట్టు కూడా ఆడాయి. నూరు కిలోల మనుషులు ఒకరి మీద ఒకరు పడతారు, చెవులు నలుగుతాయి, రక్తం కారుతుంది. అంత మొరటు ఆటలో రిఫరీతో మాట్లాడే విషయంలో ఉన్న క్రమశిక్షణ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఆటగాళ్ళు రిఫరీ అధికారాన్ని గౌరవించాలి, ఆయన తీర్పుతో వాదించకూడదు అని రూల్సులోనే రాసి ఉంది. రిఫరీతో మాట్లాడేది కెప్టెన్. మిగతావాళ్ళు వెనక్కి పోవాలి. ఎవరైనా వాదిస్తే రిఫరీ తిరిగి అరవడు. పెనాల్టీ తీసుకునే చోటును పది మీటర్లు ముందుకు జరుపుతాడు. నోరు జారిన ఒక్కడి వల్ల జట్టు మొత్తం పది మీటర్లు పోగొట్టుకుంటుంది. మళ్ళీ ఆ ఆటగాడు నోరెత్తితే రిఫరీ ఏమనక్కరలేదు, సొంత జట్టువాళ్ళే వాడి నోరు మూయిస్తారు. తీర్పు మీద గొడవను ఆపడానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం నాకు కనపడలేదు.

ఫుట్‌బాల్ కూడా ఇప్పుడు రగ్బీ దగ్గర నేర్చుకుంటోంది. 2024 యూరో పోటీల్లో రిఫరీ దగ్గరికి కెప్టెన్ ఒక్కరే రావాలని నియమం పెట్టారు. ఇంగ్లండులో ఊరి స్థాయి, బడి స్థాయి మ్యాచుల్లో తీర్పుతో గొడవపడినవాడిని పది నిమిషాలు బయట కూర్చోబెట్టే పద్ధతిని 2019లో తెచ్చారు. అంతకుముందు ప్రయోగంగా కొన్ని లీగుల్లో పెట్టి చూస్తే గొడవలు 38 శాతం తగ్గాయని అక్కడి ఫుట్‌బాల్ సంఘం చెప్పింది. పిల్లల స్వభావం ఒక్క ఏడాదిలో మారిపోయిందా? లేదు. గొడవకు వెల కట్టారు, అంతే.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. "రిఫరీయే పక్షపాతి అయితే?" అంటారు. రొట్టె కోసం కొట్లాడుకున్న పిల్లులకు కోతి తీర్పు చెప్పిన కథ మనం ఒకటో తరగతిలోనే విన్నాం. కోతుల్లాంటి రిఫరీలు లేరని నేను అనడం లేదు. అయితే కోతి మీద అరిస్తే రొట్టె తిరిగి వచ్చిందా? తూకం పట్టేవాడిని ఎట్లా ఎంచుకోవాలి అనేదే అసలు ప్రశ్న.

క్రికెట్‌లో పూర్వం ఏ దేశంలో ఆడితే ఆ దేశం అంపైర్లే ఉండేవాళ్ళు. వచ్చిన జట్టువాళ్ళకు ఎప్పుడూ అనుమానమే. 1986లో పాకిస్తాన్, వెస్టిండీస్ మధ్య లాహోర్ టెస్టుకు రెండు దేశాలకూ చెందని అంపైర్లను పెట్టారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్‌కు చెందిన వి.కె. రామస్వామి, ఇంకొకరు పీలూ రిపోర్టర్. మన తెలుగు నేల నుంచి పోయిన మనిషి నిష్పక్షపాతానికి గుర్తుగా ఆ మైదానంలో నిలబడ్డాడు. మరుసటి ఏడాది 1987లో ఫైసలాబాద్‌లో ఇంగ్లండు కెప్టెన్ మైక్ గ్యాటింగ్, స్థానిక అంపైర్ షకూర్ రాణా ఒకరి మీదికి ఒకరు వేళ్ళు చూపించుకుని తిట్టుకున్నారు. ఒక రోజు ఆట మొత్తం పోయింది. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. అనుమానం రెండు చోట్లా ఒకటే. ఒకచోట అనుమానానికి మందు వెతికారు. ఇంకొకచోట వేళ్ళు చూపించుకున్నారు. తర్వాతి కాలంలో ప్రపంచ క్రికెట్ నడిచింది లాహోర్ దారిలోనే.

ఆటగాళ్ళ వైపు నుంచే మాట్లాడితే అది ఏకపక్షం అవుతుంది. విజిల్ పట్టుకున్నవాళ్ళకూ బాధ్యత ఉంది. 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో భారత్, ఇరాన్ మధ్య పురుషుల కబడ్డీ ఫైనల్ జరిగింది. ఒక నిమిషం ఆట మిగిలి ఉండగా స్కోరు 28-28. తెలుగు టైటాన్స్ అభిమానులకు తెలిసిన పవన్ సెహ్రావత్ రైడుకు పోయాడు. ఎవరినీ తాకకుండానే లాబీలో అడుగుపెట్టాడు. అతన్ని పట్టుకోవడానికి ఇరాన్ డిఫెండర్లు కూడా లాబీలోకి వచ్చేశారు. ఎవరు అవుట్, ఎవరికి ఎన్ని పాయింట్లు అన్నది పాత రూలు ప్రకారం ఒక రకంగా, కొత్త రూలు ప్రకారం ఇంకో రకంగా వచ్చింది. అధికారులు ఒకసారి ఒకటి చెప్పారు, మళ్ళీ మార్చారు, మళ్ళీ మార్చారు. ఆటగాళ్ళు మ్యాట్ మీదే కూర్చుండిపోయారు. దాదాపు గంటసేపు ఆట ఆగింది. చివరికి భారత్ 33-29తో గెలిచింది. గెలిచాం కాబట్టి మనం సంతోషించాం. అదే ఓడి ఉంటే?

ఆ గంట అందరికీ ఒక పాఠం. ఏ రూలు నడుస్తుందో ఆటకు ముందే అందరికీ తెలియాలి. తోటి అంపైర్ "నేను చూశాను, కాలు పడింది" అని చెప్తే రిఫరీ తీర్పు మార్చుకోవచ్చు. అది కొత్త సాక్ష్యం. గుంపు అరిచిందని మార్చుకుంటే ఆ రోజుతో అతని పని అయిపోయినట్టే. ఒకసారి అరుపుకు లొంగితే ప్రతి రైడుకూ అరుపే వస్తుంది. ప్రశ్న అడిగిన కెప్టెన్‌కు రిఫరీ ఒక్క వాక్యంలో కారణం చెప్పాలి. కోపంగా చెప్పకూడదు, రెండుసార్లు చెప్పకూడదు.

ఇక అసలు సంగతికి వస్తాను. దీన్ని రాస్తే కొందరు పెద్దలకు కోపం వస్తుంది. అయినా రాయాలి. మన మైదానంలో గొడవ మొదలుపెట్టేది ఎక్కువగా ఆడే పిల్లలు కాదు, గీత బయట నిలబడిన పెద్దలు.

ఒక మ్యాచులో ఆరో తరగతి అబ్బాయి రైడు నుంచి తిరిగి వస్తూ పక్క గీత తొక్కాడు. నేను విజిల్ ఊదాను. వాడు ఏమీ అనలేదు, చెయ్యెత్తి బయటికి నడిచాడు. అంతలో గీత బయట నుంచి వాళ్ళ నాన్న, "ఏయ్, యాడ తొక్కినాడు? ఆడపిల్లకు కబడ్డీ ఏం తెలుసని విజిల్ ఇచ్చినారు?" అంటూ కోర్టులోకి వచ్చేశారు. ఆయన వెనక ఇంకో నలుగురు వచ్చారు. అప్పుడు ఆ పిల్లవాడు వెనక్కి తిరిగి వచ్చి నాతో, "అక్కా, నేను తొక్కలేదు" అన్నాడు. నాన్న అరవకముందు వాడికి తను అవుటని తెలుసు. నాన్న అరిచాక తెలియకుండా పోయింది. నేను ఆట ఆపాను. ఆ జట్టు కెప్టెన్‌ను పిలిచి, "ఎడమ పాదం గీత మీద పడింది, అంపైరూ చూశాడు" అని ఒకసారి చెప్పాను. బయటివాళ్ళు గీత దాటి వెనక్కి పోయేదాకా మళ్ళీ విజిల్ ఊదలేదు. మూడు నాలుగు నిమిషాలు పట్టింది. చివరికి పోయారు.

ఆడపిల్లకు ఏం తెలుసు అన్న మాటకు కూడా ఇక్కడే జవాబు చెప్తాను. ఆంధ్రలో పుట్టి, ఆంధ్ర మహిళల జట్టుకు ఆడిన జి.ఎస్. లక్ష్మి గారు 2019 మే నెలలో అంతర్జాతీయ క్రికెట్ మండలి మ్యాచ్ రిఫరీల ప్యానెల్లో చేరిన మొదటి మహిళ అయ్యారు. అదే ఏడాది డిసెంబరులో పురుషుల అంతర్జాతీయ వన్డేకు మ్యాచ్ రిఫరీగా వ్యవహరించిన మొదటి మహిళ కూడా ఆవిడే. అంపైర్ తీర్పు మీద ఆటగాడు గొడవ చేస్తే శిక్ష వేసేది మ్యాచ్ రిఫరీయే. అంటే తీర్పును గౌరవించని మగ ఆటగాళ్ళ లెక్క తేల్చే కుర్చీలో ఒక తెలుగు మహిళ కూర్చున్నారు. ఆ మాట అన్నవాళ్ళు ఈ పేరు గుర్తుపెట్టుకుంటే చాలు.

పెద్దల ప్రభావం బడి మైదానానికే పరిమితం కాదు. 2023 అక్టోబరు 28న పారిస్‌లో రగ్బీ ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. న్యూజిలాండ్ కెప్టెన్ శామ్ కేన్‌కు మొదట పసుపు కార్డు చూపించారు. అతను బయట కూర్చుని ఉండగా సమీక్షలో అది ఎర్ర కార్డుగా మారింది. పురుషుల ఫైనల్లో ఎర్ర కార్డు పడటం అదే మొదటిసారి. అతని జట్టు 12-11తో, ఒక్క పాయింటుతో ఓడిపోయింది. అతను బయట కుర్చీలో కూర్చుని ఆట చూశాడు. శిక్ష పడిన ఆటగాడు కూర్చున్నాడు, ఇళ్ళలో టీవీ చూసినవాళ్ళు కూర్చోలేదు. రిఫరీ వేన్ బార్న్స్‌కు, ఆయన కుటుంబానికి చంపుతామని బెదిరింపులు పంపారు. బార్న్స్ ఆ మ్యాచు తర్వాత రిఫరీగా విరమించుకున్నారు. ఆ మ్యాచులో వీడియో అధికారిగా ఉన్న టామ్ ఫోలీ కూడా బెదిరింపుల తర్వాత అంతర్జాతీయ మ్యాచుల నుంచి పక్కకు తప్పుకున్నారు. ఎంత మంచి నియమాలున్న ఆటనైనా గీత బయటివాళ్ళు పాడుచేయగలరు.

పేరున్న ఆటగాళ్ళు కూడా పిల్లలకు తప్పు దారి చూపిస్తారు. 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో మన మహిళల జట్టు కెప్టెన్ హర్మన్‌ప్రీత్ కౌర్ అవుటైన కోపంలో బ్యాటుతో వికెట్లను కొట్టారు, తర్వాత అందరి ముందూ అంపైర్లను విమర్శించారు. మ్యాచ్ ఫీజులో 75 శాతం జరిమానా, రెండు మ్యాచుల నిషేధం పడ్డాయి. ఆమె ఆట అంటే నాకు చాలా ఇష్టం. అయినా ఆ శిక్ష సరైనదే. కెప్టెన్ అని, గొప్ప ఆటగత్తె అని వదిలేయలేదు. మన బడిలో మాత్రం బాగా ఆడే రైడర్ ఎంత అరిచినా "వాడు లేకపోతే మ్యాచు పోతుంది" అని వదిలేస్తారు. అప్పుడు మిగతా పిల్లలు నేర్చుకునేది ఏమిటి? బాగా ఆడితే రూలు వర్తించదని నేర్చుకుంటారు. రేపు పెద్దయ్యాక రోడ్డు మీద, ఆఫీసులో, ఎన్నికల్లో అదే చేస్తారు.

విమర్శించి ఊరుకుంటే సరిపోదు కాబట్టి మన ప్రధానోపాధ్యాయుల ముందు, ఆటల సారు ముందు ఈ ఆరు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. రిఫరీతో కెప్టెన్ ఒక్కరే మాట్లాడాలి. ఒకసారే అడగాలి. రిఫరీ ఒక వాక్యంలో జవాబు చెప్పాలి. అక్కడితో ఆట మళ్ళీ మొదలు కావాలి.

రెండు. కెప్టెన్ కాని ఆటగాడు వాదిస్తే మొదట పచ్చ కార్డుతో హెచ్చరిక, మళ్ళీ వాదిస్తే పసుపు కార్డుతో రెండు నిమిషాలు బయట. ఇవి కబడ్డీ రూల్సులో ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా కనిపెట్టక్కరలేదు, వాడితే చాలు. జట్టులో గొప్ప రైడరైనా వాడాల్సిందే.

మూడు. ఒక తరగతి మ్యాచుకు ఆ తరగతి విద్యార్థి గాని, ఆ తరగతి టీచరు గాని, ఆడేవాళ్ళ అన్నాదమ్ములు గాని రిఫరీగా ఉండకూడదు. లాహోర్‌లో చేసింది ఇదే.

నాలుగు. తీర్పు మీద ఫిర్యాదు ఉంటే మ్యాచు అయిపోయాక కెప్టెన్ కాగితం మీద రాసి ఆటల సారుకు ఇవ్వాలి. మరుసటి రోజు ప్రార్థన సమయానికి సారు జవాబు చెప్పాలి. ఒకే రిఫరీ మీద నిజమైన ఫిర్యాదులు పదే పదే వస్తే అతన్ని మార్చాలి.

ఐదు. కోర్టు చుట్టూ రెండు మీటర్ల దూరంలో తాడు కట్టాలి. తల్లిదండ్రులు, టీచర్లు, మిగతా పిల్లలు అందరూ తాడు బయటే. ఎవరైనా లోపలికి వస్తే ఆట ఆగుతుంది. వాళ్ళు బయటికి పోయాకే మొదలవుతుంది.

ఆరు. విజిల్ ఊదే విద్యార్థులకు ఏడాదికి రెండు రోజులు రూల్సు నేర్పాలి. వార్షికోత్సవంలో మెడల్ ఆడినవాళ్ళకే ఇస్తున్నారు. ఆడించినవాళ్ళ పేరు కూడా ఒకసారి మైకులో చదవాలి.

ఇందులో డబ్బు ఖర్చయ్యేది తాడు ఒక్కటే. మిగతావన్నీ మనసుకు సంబంధించినవి. ఇప్పుడైతే జట్టులో ఆడటానికి నలభైమంది పోటీ పడతారు, విజిల్ పట్టుకోమంటే అందరూ తలలు దించుకుంటారు. భయం ఆట మీద కాదు, గుంపు మీద. ఇట్లాగే సాగితే ఒకరోజు విజిల్ ఊదేవాళ్ళే దొరకరు. అప్పుడు మ్యాచు ఎవరిదో తేల్చేది గొంతులు. గొంతుల లెక్కలో బళ్ళారిలో తెలుగు బడి పిల్లలు ఎప్పటికీ గెలవలేరు.

అమ్మానాన్నలకు ఒక్క మనవి. మీ పిల్లలు ఓడితే ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టండి, రైడు ఎక్కడ తప్పిందో మాట్లాడండి, కావాలంటే కెప్టెన్ చేత కాగితం రాయించండి. తాడు మాత్రం దాటకండి. తాడు లోపల వాళ్ళకు వాళ్ళ కెప్టెన్ ఉన్నాడు, రూలు ఉంది, విజిల్ ఉంది. అవి చాలు.